ఎట్లా సద్దు, ఎప్పుడొచ్చే సద్దు?

మా ఇంట్లో శబ్దాన్ని ‘సద్దు’ అంటాం. కోలారు పక్కన నాలుగు తరాలుగా ఉన్నాం కాబట్టి ఇది కన్నడం మాట అని హైదరాబాదు చుట్టాలు నవ్వుతారు. ‘ఊరు సద్దుమణిగింది’ అని వాళ్ళూ అంటారు కదా! మాట రెండు భాషల్లోనూ ఉంది, వాళ్ళు విడిగా వాడడం తగ్గించినారు, అంతే. ఈ సద్దు గురించి, ముఖ్యంగా బండి సద్దు గురించి మాకొక అభిప్రాయం ఉంది. బండిలో తెలియని సద్దు వినిపిస్తే కొందరు పాట వాల్యూం పెంచుతారు, కొందరు బెంబేలెత్తి మెకానిక్ ఎంతంటే అంత ఇస్తారు. రెండూ వద్దు. ఆ సద్దును మాటల్లో చెప్పడం నేర్చుకోవాలి. అది కూడా మన ఇంటి భాషలో.

పోయిన వేసవిలో మా చిన్నాయన కూతురు అమెరికాలో మోటర్‌హోం బాడుగకు తీసుకుంది. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూం అన్నీ ఉండే బండి. అక్కడ బాడుగకు దొరికేవి చాలావరకు గ్యాస్ బండ్లు. గ్యాస్ అంటే మన సిలిండర్ గ్యాస్ కాదు, పెట్రోలే. డెన్వర్ నుంచి పడమటికి కొండలెక్కితే ఐసెన్‌హవర్ సొరంగం వస్తుంది, సుమారు 11,000 అడుగుల ఎత్తు. ఆ ఎక్కుడులో ఇంజన్ దగ్గర ఉన్నట్టుండి విమానం లేచినట్టు హోరు. పిల్లలు భయపడినారు. బండి పక్కకు తీసి, ఫోన్లో రికార్డు చేసి మా ఇంటి గ్రూపుకు పంపింది.

ఆ రికార్డింగ్‌లో హోరు తప్ప మరేమీ లేదు. నలుగురం నాలుగు రకాలుగా చెప్పినాం. చిన్నాయన మాత్రం ఏమీ చెప్పకుండా ఫోన్ చేసినాడు. ఆయన చాలా ఏళ్ళు లారీ నడిపిన మనిషి.

“ఎప్పుడొస్తుందమ్మా సద్దు?”

“ఎక్కేటప్పుడే నాయనా. కాసేపుండి తగ్గిపోతుంది.”

“వేడి ముల్లు చూసినావా?”

“మామూలు కంటే కొంచెం పైకి పోయింది. హోరు మొదలైనాక మళ్ళీ కిందికి దిగింది.”

“అయితే అది ఫ్యాను. దాని పని అది చేస్తోంది. ఇంజన్ కాస్త చల్లబడినాక మెల్లిగా పోండి.”

రేడియేటర్ వెనకున్న పెద్ద ఫ్యాను మామూలుగా సగం జారుతూ తిరుగుతుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి బాగా వేడెక్కితే దాని క్లచ్ పట్టుకుంటుంది, ఫ్యాను పూర్తి వేగంతో తిరిగి హోరెత్తుతుంది. చల్లబడగానే వదిలేస్తుంది. వేడి దిగడమే దానికి సాక్ష్యం. ఆ సంగతి రికార్డింగ్‌లో లేదు, మా చెల్లెలు చెప్పిన మాటలో ఉంది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ‘యాప్ పనిచేయడం లేదు’ అని రాస్తే ఆ రిపోర్టు వెనక్కి వస్తుంది. ఏం చేస్తే చెడింది, ఎప్పుడు చెడింది, మళ్ళీ అట్లాగే చేస్తే మళ్ళీ చెడుతుందా, మామూలుగా ఎట్లా ఉండాలి, ఇవన్నీ రాయాలి. చిన్నాయన కంప్యూటర్ ముందు ఎన్నడూ కూర్చోలేదు. ఆయన అడిగింది కూడా ఇదే.

మామూలు ఎట్లా ఉంటుందో తెలియకపోవడమే బాడుగ బండితో వచ్చే చిక్కు. మన దగ్గర పెద్ద బండ్లు డీజిల్‌వి. డీజిల్ ఇంజన్‌కు టకటక పుట్టుకతో వచ్చిన సద్దు, పెట్రోల్ ఇంజన్‌కు అది రోగ లక్షణం. ఇంకొకటి, టర్బో లేని పెట్రోల్ ఇంజన్ వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. 11,000 అడుగుల మీద మూడో వంతు పోయినట్టే. అందుకే గేరు తగ్గించుకొని, నిమిషానికి 4,000 చుట్లు దాటి అరుస్తుంది. అరిచినంత మాత్రాన అది చెడిపోయినట్టు కాదు. పైగా ఈ బండ్లలో చాలావాటికి ఇంజన్ డ్రైవర్ కాళ్ళ పక్కన మూత కిందే ఉంటుంది. మారుతీ ఓమ్నీలో సీటు కింద ఇంజన్ పెట్టుకొని తిరిగినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి బండి తీసుకున్న మొదటి అరగంట పాట పెట్టకండి. మంచి సద్దులు ఏవో ముందే విని పెట్టుకోండి.

తర్వాత ఇల్లెంత, బండెంత అని విడగొట్టాలి. గిన్నెలు, అల్మారా తలుపులు, నీళ్ళ పంపు, జనరేటర్, ఇవన్నీ ఇంటి సద్దులు. ఎవరూ కొళాయి తిప్పకపోయినా పంపు ఉండుండి గుర్రుమంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి, ఇంజన్‌ను అనుమానించక్కరలేదు. బండి నిలబెట్టి, పార్కులో పెట్టి, యాక్సిలరేటర్ కొంచెం నొక్కి చూడండి. చుట్లతో పాటు సద్దు పెరిగితే అది ఇంజన్ వైపుది. నిలబెట్టినప్పుడు లేక, పరుగెత్తే వేగంతో పెరిగితే చక్రాల వైపో, వాటిని తిప్పే షాఫ్ట్ వైపో చూడాలి.

ఇక ఎట్లా సద్దు అన్నది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నూనెలేని బావి గిలక మాదిరి కీచుమంటే బెల్టు. స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని, వేడెక్కేకొద్దీ తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర సందు పడిందేమో చూడాలి, వేడికి లోహం సాగి ఆ సందు మూసుకుంటుంది. ఎక్కుడులో మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటే పెట్రోల్ సరిగ్గా మండడం లేదు. కాలు కొంచెం వదిలి, గేరు తగ్గించి, తర్వాత ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోయించాలి. కింద రేకు లొడలొడమంటే వేడి తగలకుండా కట్టిన కవచం వదులైంది. వేగంతో పాటు రాగుల తిరగలి విసిరినట్టు మోగితే చక్రం బేరింగ్.

ఆగి తీరాల్సినవి మూడు. లోపలి నుంచి దబదబమని రోకటి పోటు లాంటి దెబ్బ వస్తూ ఆయిల్ లైటు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపండి. కుక్కర్ మాదిరి బుస్సుమని ఆవిరి వస్తే ఆపండి, రేడియేటర్ మూత మాత్రం ముట్టకండి. బ్రేక్ నొక్కితే ఇనుము ఇనుముకు రాసినట్టు గరగరమంటే ఇక ముందుకు పోకండి, దిగుడులో అయితే అసలే వద్దు.

స్కానర్ తగిలిస్తే అన్నీ అదే చెబుతుంది కదా అంటారు మా ఆఫీసు స్నేహితులు. సిలిండర్ మంట తప్పితే చెబుతుంది, నిజమే. వదులైన రేకు గురించి, అరిగిన బేరింగ్ గురించి, కీచుమనే బెల్టు గురించి అది నోరు విప్పదు. వాటికి చెవి కావాలి, చెవి విన్నదాన్ని చెప్పే మాట కావాలి.

మేము చదివింది కన్నడ మీడియం. అక్కడ వ్యాకరణంలో ‘అనుకరణావ్యయం’ అని పాఠం ఉండేది, గరగర, టకటక వంటి మాటలు పట్టిక రాయించేవారు. ఇంటికొస్తే అవ్వ నోట ఇలాంటివి తెలుగులో రోజూ వినేవాళ్ళం, ఎవరూ పట్టిక రాయించకుండానే వచ్చేసినాయి. తెలుగు చదవడం మాకు ఆలస్యంగా వచ్చింది కానీ, ఈ మాటలు ఎప్పుడూ పోలేదు. ఇప్పటి పిల్లలకు అన్నీ ‘సౌండ్’ ఒక్కటే. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, గిలకా తిరగలీ వాళ్ళు చూడలేదు. మిక్సీ అననీ, వాషింగ్ మెషీన్ అననీ, వాళ్ళ ఇంట్లో ఉన్నదాంతోనే పోల్చి చెప్పనీ. చెప్పడం అలవాటు కావాలి.

ఎందుకంటే ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు ఇంగ్లీషు రాదు, దూరాన ఉన్న పిల్లలకు బండి తెలియదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఈ కాస్త భాషే. చిన్నాయన తన కూతురికి అంత దూరం నుంచి ధైర్యం చెప్పగలిగినాడంటే ఆమెకు తెలుగులో జవాబు చెప్పడం వచ్చు కాబట్టే. రేపు మనవరాలు ఆ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఏమవుతుందన్నదే మా బెంగ.

అందుకే మన ఇళ్ళవాళ్ళకు ఒక మాట. మీది హోసూరు కానీ, బళ్ళారి కానీ, బరంపురం కానీ, ఈసారి ఊరికి పోయేటప్పుడు వెనక సీట్లో పిల్లలు ‘ఏదో సౌండ్ వస్తోంది’ అంటే ‘ఏం లేదులే’ అని కొట్టిపారేయకండి. పాట ఆపండి. ఎట్లా సద్దు, ఎప్పుడొస్తుంది, ఏం చేస్తే ఆగుతుంది అని అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఓపికపట్టండి.