వెనక కూర్చున్నవారికి అక్కర్లేదట!

మా ఎస్.ఆర్. నగర్‌లో కిరాయి కారెక్కి వెనక సీట్లో కూర్చుని, బెల్టు లాగి, బిగించుకుందామని చెయ్యి పక్కకి పోనిస్తే అక్కడ ఏమీ తగలదు. ఉండవలసిన లాకు సీటు కవరు కింద భూస్థాపితమై ఉంటుంది. కవరు ఎత్తి, వేళ్ళు దూర్చి, బిస్కట్టు పొడీ పాత టిక్కెట్లూ తవ్విపోసి దాన్ని వెలికి తెచ్చేసరికి కారు అమీర్‌పేట దాటి పంజాగుట్ట చేరుతుంది. ఈ పురావస్తు తవ్వకాలన్నిటినీ అద్దంలోంచి చూస్తున్న డ్రైవరు జాలిపడి ఒక మాట అంటాడు: "ఎనక కూసున్నోళ్ళకు అవుసరం లేదు సార్. ముందటోళ్ళకే చలాన్ ఏస్తరు."

ఈ మాట నేనెన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఇందులో మొదటి వాక్యం తప్పు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు (1989) లోని 138వ నియమం ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లవారినీ కలుపుకునే చెబుతుంది. 2019 సవరణతో చట్టంలోకి వచ్చిన 194బి సెక్షను బెల్టు పెట్టుకోనందుకు 1,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. ఇక రెండో వాక్యం మాత్రం ఒప్పే. కూడలిలో కెమెరా కారుని ముందునుంచి చూస్తుంది. వెనక సీటు చీకటి. నా తగవు ఆ రెండు వాక్యాలతోనూ కాదు, వాటి మధ్య పలకకుండా మింగేసిన "ఎందుకంటే"తో. అవసరం లేదు, ఎందుకంటే చలాను లేదు! అవసరమనేది ఒంటికి సంబంధించిన విషయమని, ఎముకలకీ పుర్రెకీ సంబంధించిన విషయమని, మనకెన్నడూ తోచినట్టు లేదు.

దీన్ని అజ్ఞానమని తేల్చేసేవారున్నారు. "మన జనానికి అవగాహన లేదండీ" అన్న వాక్యంతో మొదలై ఒక ఫ్లెక్సీ బ్యానరుతో ముగిసే వాదన అది. నేను నమ్మను. నా ఇరుగుపొరుగంతా ఎంసెట్ రాసినవారూ, రాయబోయేవారూ, రాసి గట్టెక్కి మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు చేసినవారూను. జడత్వానికి ఉదాహరణ ఇవ్వమంటే, కదిలే బస్సు హఠాత్తుగా ఆగితే ప్రయాణికులు ముందుకు తూలుతారని రాసి రెండు మార్కులు తెచ్చుకోని తెలుగు విద్యార్థి ఉన్నాడా? తూలుతారన్నది చాలా మర్యాదైన క్రియ, అంతే తేడా. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు కొట్టుకుంటే, బెల్టు లేని మనిషి 5 మీటర్ల ఎత్తునుంచి నేలమీద పడినంత వేగంతో ముందున్నదానికి తగులుతాడు. 60 అయితే ఎత్తు 14 మీటర్లు. మా కాలనీలో నాలుగంతస్తుల మేడ డాబా అన్నమాట. పోనీ ఊళ్ళో నెమ్మదిగా పోతాంలే అంటారా? 30 వేగానికి మూడున్నర మీటర్లు. మొదటి అంతస్తు బాల్కనీ నుంచి తలకిందులుగా దూకమంటే ఎవరైనా దూకుతారా? "దగ్గరేగా" అని మాత్రం అనం కదా!

రెండో సమాధానం కర్మసిద్ధాంతం. మనది వేదభూమి కాబట్టి, రాసిపెట్టి ఉంటే తప్పదు కాబట్టి బెల్టు పెట్టుకోమని, పుస్తకాలు చదివినవారు కూడా గంభీరంగా సెలవిస్తుంటారు. ఈ పాపాన్ని పాపం మన తలరాత మీదికి తొయ్యడం అన్యాయం. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో బల్కంపేట ఎల్లమ్మ గుడి ఉంది. కొత్త బండికి పూజ చేయించేవారిని చూడండి: నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు అద్దానికి పసుపు కుంకుమలు, బానెట్ మీద బంతిపూల దండ, గుమ్మడికాయ దిష్టి. తలరాత తప్పదని నిజంగా నమ్మినవాడు నిమ్మకాయ కొనడు. ప్రమాదం ఉందనీ, దాన్ని తప్పించవచ్చుననీ, అందుకు ముందుగా చేయవలసిన పని ఒకటుందనీ సంపూర్ణంగా నమ్మినవాడు చేసే పని అది. (అమ్మవారి మీద నాకు నమ్మకం లేక అంటున్నానని అపార్థం చేసుకోకండి, ఆవిడ బెల్టు వద్దందని మాత్రం ఎక్కడా వినలేదు.) అంత భయమూ భక్తీ ఉన్న మనిషి అదే కారులో కూర్చుని, భుజం పక్కన వేలాడుతున్న పట్టీని ముట్టుకోడు. ఈ వైచిత్రికి కర్మ చాలదు, మరో కారణం వెతకాలి.

గంజిపెట్టిన చొక్కా నలగడం, పొట్ట మీద ఒత్తిడి, ఉక్కపోత వగైరాలు చర్చకు అర్హమైనవి కావు. వదిలేద్దాం.

నా మట్టుకు నాకు అసలు కారణం పరువు అనిపిస్తుంది. పెళ్ళికి తీసుకువెళ్ళే బంధువు కారెక్కి బెల్టు లాగి చూడండి. నడుపుతున్నవారి మొహంలో చిన్న నీడ కదులుతుంది. "ఏం, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" నవ్వుతూనే అంటారు, కానీ ఆ ప్రశ్న ఉత్తుత్తిది కాదు. వాళ్ళింట్లో అన్నం పెడితే వాసన చూసి తిన్నట్టు! అతిథి మర్యాదకు బెల్టు వదిలేస్తాడు. ఇక అతిథి పెద్దమనిషైతే, ఆయనను పెట్టుకోమనే ధైర్యం నడిపేవాడికి ఉండదు. కారులో అంతస్తుల క్రమం తెలిసిందే కదా: ముందు కుడివైపు జీతగాడు, వెనక ఎడమవైపు యజమాని. బెల్టు ఎవరికి తప్పనిసరి? జీతగాడికి. దానితో బెల్టు, చలానుకు లొంగవలసినవాడి గుర్తుగా, ఒక రకమైన బిళ్ళగా స్థిరపడిపోయింది. పోలీసును చూసి పెట్టుకునేవాడు చిన్నవాడు, చూసి కూడా పెట్టుకోనివాడు పెద్దవాడు. మనలో ఎందరు తిరస్కరిస్తున్నది ప్రమాదాన్ని కాదు, ఆ చిన్నతనాన్ని!

విచిత్రమేమంటే, మన భాష ఇందుకు పూర్తిగా విరుద్ధంగా సాక్ష్యం చెబుతుంది. మనకు నడుం కట్టడమన్నా, నడుం బిగించడమన్నా సాహసానికి సిద్ధపడటం. దట్టీ కట్టింది యుద్ధానికి పోయేవాడే కాని ఇంట్లో దాక్కున్నవాడు కాదు. సీటుబెల్టును మనవాళ్ళెవరైనా మొదటే దట్టీ అని పిలిచి ఉంటే కథ వేరేగా ఉండేదేమో! సరే, ఇది భాషాభిమానుల వెర్రి కాబోలు, ముందుకు పోదాం.

న్యూజెర్సీలో పదిహేనేళ్ళుగా ఉంటున్న మా బావ ఆ మధ్య సెలవులకు వచ్చాడు. అక్కడ తాను బెల్టు పెట్టుకోనిదే కారు కదలదు. పిల్లలు పెట్టుకోకపోతే గదమాయిస్తాడు. శంషాబాదులో దిగేదాకా విమానం బెల్టు కూడా బుద్ధిగా బిగించుకుని కూర్చున్నాడు. బయటికొచ్చి మా కారు వెనక సీట్లో చేరగిలబడ్డాడు. పెట్టుకోమంటే ఆయనన్న మాట: "ఇక్కడ ఎవడు చూస్తాడు బావా!" ఇక్కడ రోడ్లు మెరుగనలేదు, ఇక్కడ నెమ్మదిగా పోతారనలేదు. ఎవడు చూస్తాడన్నాడు. అంటే పదిహేనేళ్ళూ ఆయన బెల్టు పెట్టుకున్నది తన ఛాతీ కోసం కాదు, అమెరికా పోలీసు కంటి కోసం. దేశం మారినా డ్రైవరుగారి సూత్రమే! నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు అడ్డకడ్డీ సరిగా పడలేదని గావుకేకలు పెట్టింది మాత్రం ఈయనే. అక్కడ చూసేవాడితో పనిలేదు. ఎత్తు కళ్ళకు కనిపిస్తుంది. కారులో ఎత్తు కనిపించదు.

ప్రభుత్వాలు కూడా ఈ చూపుడు మర్యాదనే పెంచి పోషించాయి. బెల్టును వైద్యుడి చేత చెప్పించవలసింది పోయి పోలీసు చేత చెప్పించాయి. ఫలితం చూడండి. బెల్టు పెట్టుకోకపోతే కారు గంట కొడుతుంది. ఆ గంట నోరు నొక్కడానికి, బెల్టు లేకుండా లాకులో దోపే ఇనుప నాలుక ఒకటి అమ్ముతారు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ళను ఆదేశించి, ఈ క్లిప్పుల అమ్మకపు పుటలు 13,118 తీయించవలసి వచ్చింది. బద్ధకంతో మానేయడం వేరు, మానేయడం కోసం డబ్బిచ్చి పరికరం కొనడం వేరు. రెండోది సిద్ధాంతం! ఆ సిద్ధాంతానికి మూల్యం కూడా ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది: 2021లో దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,397 మంది. వారిలో 7,959 మంది నడిపేవారు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవారు.

చదువుకున్న వ్యతిరేకులకు చదువుకున్న ఆయుధాలుంటాయి. షికాగో ఆర్థికవేత్త సామ్ పెల్ట్జ్‌మన్ 1975లో ఒక వాదం చేశాడు: రక్షణ పెరిగిన కొద్దీ నడిపేవాడు మరింత దుడుకుగా నడుపుతాడు, లాభం అక్కడికక్కడికి సరి. దీనిమీద అర్ధశతాబ్దంగా వాదాలు నడుస్తున్నాయి. వాదం నిజమే అనుకుందాం. వెనక సీట్లో కూర్చుని ఫోను చూసుకునేవాడు బెల్టు పెట్టుకోగానే ఏం దుడుకుతనం చేస్తాడు? ఫోను ఇంకా వేగంగా చూస్తాడా? "నా ప్రాణం నా ఇష్టం" అనే స్వేచ్ఛావాదిది ఇంకా బలహీనమైన పక్షం. వెనక కూర్చున్న 70 కిలోల స్వేచ్ఛ, ముందు సీటు వీపు మీద పడేటప్పుడు ముందువాడి అనుమతి అడగదు. స్వీడన్ ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు బిందువుల బెల్టు తయారుచేసింది 1959లో. అంతకుముందు ఆయన పని యుద్ధవిమానాల్లోంచి మనిషిని బయటికి విసిరే సీట్లు చేయడం. మనిషిని ఎప్పుడు విసరాలో, ఎప్పుడు పట్టి ఉంచాలో తెలిసినవాడు. వోల్వో సంస్థ ఆ పేటెంటును అందరికీ వదిలేసింది. ఉచితంగా వచ్చినదానికి మన దగ్గర విలువ ఉండదంటారు, అదీ ఒక కారణమేమో.

మంటల భయం మాత్రం వెక్కిరించదగ్గది కాదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది సజీవదహనమైన ఉదయం ఈ నగరంలో ఎవరూ మరచిపోలేదు. అప్పటినుంచి "బెల్టు పెట్టుకుంటే ఇరుక్కుపోతాం" అన్న మాట నేను పదేపదే విన్నాను. కానీ మంటలో బయటపడాలంటే మొదట స్పృహలో ఉండాలి, కాళ్ళు విరగకుండా ఉండాలి. బెల్టు ఆ రెండింటినీ కాపాడటానికే. దాన్ని ఊడదీయడానికి ఒక వేలు చాలు.

బాగా నడిపేవారికి అక్కర్లేదన్న మాటకు నేను సమాధానం చెప్పను. ఒక సంగతి మాత్రం గుర్తుచేస్తాను. తెలుగుదేశం తొలినాళ్ళలో ఎన్టీఆర్ చైతన్యరథాన్ని ఊరూరా నడిపిన సారథి నందమూరి హరికృష్ణ. ఆయనకంటే ఎక్కువ తెలుగు రోడ్లు చూసిన చక్రధారి అరుదు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి నెల్లూరు వైపు స్వయంగా కారు నడుపుకుంటూ వెళ్తూ నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదానికి గురయ్యారు. బెల్టు పెట్టుకోలేదనీ, కారులోంచి బయటికి విసిరివేయబడ్డారనీ పోలీసులు చెప్పారు. కారులో ఉన్న మిగతా ఇద్దరూ గాయాలతో బతికారు. నాలుగేళ్ళ తరువాత, 2022 సెప్టెంబరు 4న, పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్నది ఖరీదైన మెర్సిడెస్. ముందున్న ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. చనిపోయినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నైపుణ్యమూ ఐశ్వర్యమూ వారికి పనికిరాని చోట మనకు పనికొస్తాయని నమ్మడం మీదే నా కోపం.

అంతకంటే పెద్ద కోపం ఒకటుంది. ముందు సీట్లో తల్లి ఒడిలో బిడ్డ. ఆదివారం సాయంత్రం అమీర్‌పేట కూడలిలో పది నిమిషాలు నిలబడితే ఎన్ని కనిపిస్తాయో! "నేను గట్టిగా పట్టుకుంటానులెండి" అంటుంది ఆ తల్లి, నిజాయితీగా. 36 వేగంతో పోయే కారు సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 100 కిలోల బియ్యం బస్తా. ఏ తల్లి ప్రేమ అయినా పట్టి ఆపలేని బరువది. ఈ లెక్క ఆ తండ్రికి రాక కాదు. అతడు ఇంజనీరు.

ఇక్కడ ఇంకో పక్కకు చూడాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అది కిక్కిరిసిన బస్సు. వారిలో ఎవరూ బెల్టు వద్దనలేదు. వద్దనడానికి వారికి బెల్టు లేదు. చాలామందికి కూర్చోవడానికి సీటే లేదు. సాయంత్రం పూట ఎర్రగడ్డ వైపు నుంచి వచ్చే షేర్ ఆటోలో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఒకరి ఒళ్ళో ఒకరు, కాలు బయట పెట్టి ఇంకొకరు. మెట్రో స్తంభం పక్కన సిగ్నలు పడగానే ఆ ఆటో పక్కనే ఒక పెద్ద కారు వచ్చి ఆగుతుంది. దానికి ఐదు బెల్టులున్నాయి. రెండు తోలు కవరు కింద ఉన్నాయి, ఒకటి ఎవరూ లేని సీట్లో వేలాడుతోంది, ఒకదాని లాకులో క్లిప్పు దోపి ఉంది. ఐదోది డ్రైవరు పెట్టుకున్నాడు, సిగ్నలు దాటేవరకూ.