భూమి లెక్కల తాళం ఎవరి చేతిలో?

తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి 2024లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీకి అప్పగించారు, మంచి పనే. అలా డేటాబేస్ చూసుకునే ప్రైవేటు సంస్థ విదేశీ కంపెనీ అయితే, తేడా వచ్చిన రోజున దాన్ని మన కోర్టు మెట్లెక్కించడం మాటలు కాదు. అందుకే నా ఓటు స్వదేశానికే. కానీ అంతటితో సరిపోదు. సర్వే నంబరు పక్కన ఒక్క బై నంబరు తారుమారైతే చాలు, కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి రైతుకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, బ్యాంకులో పంట రుణమూ పుట్టదు. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ హైదరాబాద్‌లోనే కూర్చున్నా, ఏ లాగిన్‌తో, ఎన్ని గంటలకు ఏం మార్చాడో చెరపడానికి వీల్లేని లాగ్ ఉండాలి. దాన్ని బయటి ఆడిటర్ తనిఖీ చేయాలి. ధరణి స్థానంలో వచ్చిన భూ భారతి పైలట్‌కు 2025 ఏప్రిల్‌లో ఎంచుకున్న నాలుగు మండలాల్లో కామారెడ్డి జిల్లా లింగంపేట ఒకటి. రికార్డు మారిన ప్రతిసారీ రైతు ఫోనుకు మెసేజ్ వెళ్లే ఏర్పాటును ప్రభుత్వం అక్కడ తప్పనిసరి చేయాలి.