ఆ ఊరు భద్రమేనా అయ్యగారూ?



వేసవి సెలవులు వచ్చాయంటే పల్లెల నుండి కొన్ని కుటుంబాలు పట్టణానికి మారే ఆలోచనలో పడతాయి. పిల్లల చదువు కోసము కొందరు, బదిలీ మీద కొందరు, పెద్ద వయసులో ఆసుపత్రికి దగ్గరగా ఉందామని కొందరు. అద్దె ఎంత, నీళ్లు వస్తాయా, స్కూలు బస్సు ఆగుతుందా అని అన్నీ అడిగిన తరువాత, చివరికి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆ ఊళ్లో దొంగతనాలు ఎక్కువటగా, అయ్యగారూ?" ఈ నెల మన శీర్షికలో ఆ ప్రశ్ననే తీసుకున్నాము. ఇది పైకి చిన్నదిగానే కనబడుతుంది. కానీ దాని వెనుక ఆడపిల్లల తల్లిదండ్రుల భయము ఉంది, పెళ్లికని దాచిన నాలుగు కాసుల బంగారము ఉంది. ఒక్కొక్కసారి ఏ పాపమూ ఎరుగని మరొక వీధివారి పరువు కూడా ఉంది.

ఎక్కువ అంటే ఎంత?

దేశములోని నేరాల లెక్కలను ఏటేటా ప్రకటించేది జాతీయ నేర రికార్డుల సంస్థ. దీనినే ఎన్.సి.ఆర్.బి. అంటారు. ఇది 1986లో ఏర్పడింది. నేరాల నివేదిక మాత్రము 1953వ సంవత్సరపు లెక్కల నుండే వస్తున్నది. ఇందులో నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదైనవని అర్థము.

ఉదాహరణకు, యాభై వేల జనాభా గల ఒక పట్టణములో ఏడాదికి 20 ఇళ్లలో దొంగలు పడ్డారనుకోండి. రేటు లక్షకు 40. మరుసటి ఏడు ఎక్కడినుండో ఒక ముఠా వచ్చి రెండు రాత్రులలో అదనంగా 5 ఇళ్లు దోచుకుని పోయిందనుకోండి. రేటు 50కి ఎక్కుతుంది. అంటే నాలుగో వంతు పెరిగినట్టు! ఆ ఊరి మనుషులేమైనా మారారా? లేదు. చిన్న ఊళ్ల లెక్కలు ఇట్లాగే ఒక ఏడు ఎగిరి, ఒక ఏడు పడుతుంటాయి. ఒక్క ఏడాది అంకె పట్టుకుని ఒక ఊరిని మంచిదనీ చెడ్డదనీ చెప్పకూడదు.

ఇంకొక సంగతి. ఆ నివేదికలో రాష్ట్రాలకు, జిల్లాలకు, 20 లక్షల జనాభా దాటిన 19 మహానగరాలకు పట్టికలు ఉంటాయి. మన చిన్న పట్టణానికి విడిగా పట్టిక ఉండదు. కాబట్టి "దొంగతనాలలో జిల్లాకే ఫస్టట ఆ ఊరు" అనే మాట చాలావరకు టీకొట్టు దగ్గర పుట్టినదే.

పెద్ద లెక్కలు కూడా జాగ్రత్తగా చదవాలి. 2019లో దేశములో నేరాల రేటు 385.5 ఉండగా, 2020లో 487.8కి పెరిగింది. కరోనా వలన మనమందరమూ తలుపులు మూసుకుని కూర్చున్న సంవత్సరమది! ఆ ఏడు ఇళ్లలో దొంగతనాలు, దారిదోపిడీలు నిజానికి తగ్గినవి. పెరిగినవి ప్రభుత్వ ఉత్తర్వులను మీరిన కేసులు. అవి సుమారు 29 వేల నుండి 6 లక్షల 12 వేలకు చేరినవి. లాక్‌డౌన్‌లో బయట తిరిగినవాని కేసు కూడా, ఇంటికి కన్నము వేసినవాని కేసు కూడా మొత్తము లెక్కలో ఒక్కొక్కటిగానే పడతాయి. అందుకే నేరాలు పెరగడము వేరు, కేసుల నమోదు పెరగడము వేరు అని ఆ సంస్థే తన నివేదికలో హెచ్చరిస్తుంది.

పుస్తకానికి ఎక్కని దొంగతనము

నమోదు అన్నాము గనుక మన ఇళ్ల సంగతి ఆలోచిద్దాము. దొంగతనము జరిగిన తరువాత స్టేషనుకు వెళ్లని కుటుంబాలను మేము చాలా చూశాము. పోయినది ఎట్లాగూ రాదు అంటారు. స్టేషను మెట్లెక్కితే పరువు తక్కువ అంటారు. పెళ్లి బంగారము పోయిందని తెలిస్తే వియ్యాలవారు ఏమంటారో అంటారు. చివరకు ఇల్లు దోచుకోబడిన కుటుంబమే నేరము చేసినట్టు తల దించుకుని ఊరుకుంటుంది. ఆ ఊరి లెక్కలో మాత్రము ఆ ఏడు దొంగతనము ఒకటి తక్కువ!

ప్రియులారా, ఫిర్యాదు మనకు ఎవరో చేసే దయ కాదు, అది హక్కు. పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన నేరము జరిగిందని తెలిపినప్పుడు ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరిగా నమోదు చేయాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుండి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చినవి. వాటి ప్రకారము ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోను, కంప్యూటరు ద్వారా పంపితే మూడు రోజులలోగా వెళ్లి సంతకము చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. నివాసముండే ఇంట్లో దొంగతనానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అది చిన్న కేసు కాదు.

వ్రాయని ఫిర్యాదు ఊరికే పోదు. అది గుసగుసగా మారుతుంది. గుసగుస ఒక వీధిని వెదుక్కుంటుంది. "ఇది ఫలానా వాళ్ల పనే" అనే మాట పుడుతుంది.

పేరు మోసిన ఊరు

ఈ మాట ఎంతదూరము పోగలదో మన బాపట్ల, చీరాల ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. ఆ రెండు పట్టణాల నడుమ స్టువర్టుపురము ఉన్నది. ఎరుకలవారు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు మారి ఆ బ్రతుకుతెరువు దెబ్బతిన్నది. తరువాత నేరస్థ తెగల చట్టము వచ్చింది. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ఆ చట్టము క్రింద మనిషి దొంగతనము చేయనక్కరలేదు, ఆ కులములో పుడితే చాలు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ.

1913లో ప్రభుత్వము తరఫున అక్కడ సెటిల్‌మెంటు పెట్టి నడిపినది క్రైస్తవ సంస్థయైన సాల్వేషన్ ఆర్మీ. అప్పటి మద్రాసు ప్రభుత్వములోని హెరాల్డ్ స్టువర్టు పేరే ఆ ఊరికి పెట్టారు. అక్కడివారికి కొంత భూమి ఇచ్చారు, బడి పెట్టారు. చీరాల పొగాకు కంపెనీలో పని దొరికింది. అయితే హాజరు పట్టీ కూడా ఉన్నది. మేలును, సంకెలను రెంటినీ కలిపే జ్ఞాపకము పెట్టుకోవాలి.

ఆ చట్టము దేశమంతటా 1952లో రద్దయింది. 1970లలో లవణము, హేమలత దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా ఆ కుటుంబాల మధ్య ఎంతో పని చేశారు. హేమలతగారు మహాకవి జాషువా కుమార్తె. దేవుని నమ్మని దంపతులే ఆ గడపలు తొక్కి, ఆ ఇళ్లలో కూర్చుని మాట్లాడారన్నది సంఘస్థులమైన మనము ఆలోచించదగిన విషయము. చట్టము పోయినా పేరు పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఆ ఊరి దొంగ కథ అంటూ 2023లో మరొకటి వచ్చింది. అక్కడ పుట్టిన పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లి తన ఊరి పేరు చెప్పేముందు ఒక్క క్షణము ఆగవలసి వస్తే, ఆ క్షణము ఏ నేరాల లెక్కలోకీ ఎక్కదు.

కాబట్టి మీ వీధిలో దొంగతనము జరిగినప్పుడు ఏమి పోయిందో, ఎప్పుడు పోయిందో, ఎవరిని కళ్లారా చూశారో అంతమట్టుకే చెప్పండి. కులము పేరు, పేట పేరు నోట రానీయకండి. ఊహతో ఒక పేరు చెబితే అసలు దొంగకు అంత మేలు మరొకటి ఉండదు.

ఇంటి జాగ్రత్తలు

దొంగ ముందుగా చూసేది ఇంట్లో మనుషులు లేని వేళ. ఆదివారము ఉదయము, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, కన్వెన్షను సభల రోజులు. మనము ఎప్పుడు ఇంట లేమో ఊరందరికీ తెలుసు. గడప దగ్గర, పూలకుండీ క్రింద తాళంచెవి పెట్టి వెళ్లే అలవాటు మానండి. వేసవిలో డాబా మీద పడుకున్నప్పుడు క్రింద తలుపుకు తాళము వేయండి. బీరువా తాళంచెవి బీరువా మీదనే ఉండకూడదు. వాడని నగలు బ్యాంకు లాకరులో పెట్టండి. నగల ఫోటోలు, రసీదులు విడిగా దాచండి, ఫిర్యాదులో అవే ఉపయోగపడతాయి. బంగారానికి మెరుగు పెడతామని వచ్చినవారిని గడప లోపలికి రానీయకండి.

ఊరికి వెళుతున్నప్పుడు పాలు, పేపరు ఆపించి, పక్కింటివారికి చెప్పి వెళ్లండి. తాళము వేసిన ఇళ్లలో కెమెరా పెట్టి కనిపెట్టే ఎల్.హెచ్.ఎం.ఎస్. పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. మీ స్టేషనులో ఆ వసతి ఉన్నదేమో అడగండి. ఆపద వేళ 112కు ఫోను చేయండి. ఇప్పుడు దొంగ ఫోనులో నుండి కూడా వస్తున్నాడు. బ్యాంకు డబ్బు పోతే ఆలస్యము చేయక వెంటనే 1930కి చెప్పాలి.

తలుపు లోపలి భయము

ఒక్క మాట వ్రాయక తప్పదు. ఎంత మంచి తాళము వేసినా లోపలే ఉన్న భయాన్ని అది ఆపలేదు. 2022లో దేశములో స్త్రీలపై నమోదైన నేరాలలో 31.4 శాతము భర్త, అత్తింటివారి హింసకు చెందినవే. అన్నిటిలో పెద్ద భాగము అదే. ఇక చెప్పుకోనివి ఎన్నో! రాత్రిపూట పక్కింట్లో ఏడుపు వినబడితే "వాళ్ల సంసారము మనకెందుకు" అని కిటికీ మూయకండి. ఆ తల్లికి 181 నంబరు తెలియజేయండి. సర్దుకుపొమ్మని చెప్పి పంపేముందు ఆమె ప్రాణానికి అపాయము ఉన్నదేమో అడగండి. సంఘ పెద్దలకు కూడా ఇదే మా మనవి.

ఇప్పుడు ఏమి చేయవచ్చు? ప్రతి వీధిలోను పది ఇళ్ల ఫోను నంబర్లు ఒక కాగితము మీద వ్రాసి అందరూ ఉంచుకోండి. కులము, మతము చూడక అందరినీ చేర్చండి. స్త్రీల సమాజము, యౌవనస్థులు దీనికి పూనుకోవచ్చు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లే కుటుంబము వెంట చదువుకున్నవారు ఒకరు వెళ్లండి. వీధి దీపము వెలగకపోతే మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. ఒంటరిగా ఉన్న వృద్ధుల తలుపు రోజుకొకసారి తట్టండి.

క్రొత్త ఊరికి మారబోయే కుటుంబాలకు మేము చెప్పేది ఇంతే. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు తలుపు గడియ గట్టిదో కాదో తప్పక చూడండి. ఆ తరువాత పక్కింటి తలుపు కూడా తట్టి, మీ పేరు చెప్పి, వారి పేరు అడిగి రండి.