వానకాలపు చేపకు పొగ కుంపటి

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవల వేటకు ఏటేట నిషేధము. అది ముగిసి పడవలు కడలిలో దిగునప్పటికి నైరుతి ఋతుపవనము శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలను తాకుచుండును. చేప ఒడ్డుకు వచ్చు దినములును, ఎండ మొగము చాటువేయు దినములును ఇట్లు ఒకటగుట మన తీరపు దురదృష్టము. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఇసుకపై పరచిన నాడే ముసురు పట్టినచో మూడవ నాటికి వానిని దిబ్బలో పోయవలసినదే. పూసపాటిరేగ, భోగాపురము మండలముల తీర గ్రామములకు పైరుల పనిమీద పోయినప్పుడు ఆ వాసన నాకు పరిచయమే. “వానొస్తే సేప పురుగుకే గదా బాబూ” అని ఒక అవ్వ నాతో అన్నది.

ఈ నష్టమునంతటిని ఆపు ఉపాయము నావద్ద లేదు. టన్నుల కొలది చేపకు మంచు, శీతల గిడ్డంగులు, కప్పు క్రింద ఎండబెట్టు అరుగులు కావలెను. అవి ప్రభుత్వమును, సహకార సంఘములును పూనుకొనవలసిన పనులు. నేను చెప్పునది ఇంటి మట్టునకు. రెండు మూడు కిలోల చేపను ఒక పూటలో పొగబెట్టుకొనుటకు ఒక బొగ్గుల కుంపటియు, రెండు ఖాళీ నూనె డబ్బాలును చాలును. తీర గ్రామములలోనే కాక, చెరువు చేప పట్టు మెట్ట గ్రామములలో గూడ దీనిని చేసి చూడవలెనని నా అభిప్రాయము. అయితే తప్పుగా చేయుటకంటె అసలు చేయకుండుటయే మేలు. ఏలననగా గత వర్షాకాలమున నేను చూచినది ఇది.

ఒక రైతు తన కుమారుడు విశాఖపట్టణము నుండి తెచ్చిన పొయ్యిని నాకు చూపెను. నాలుగు కాళ్లు, ఒక తొట్టి, పైన ఊచల జల్లెడ. పట్టణములలో దీనిని బార్బెక్యూ అని మంచి ధరకు అమ్ముచున్నారు. మన అవ్వల కుంపటికి కాళ్లు మొలిచినట్లున్నది, అంతే. నిప్పుకు జానెడెత్తున చేప నుంచుటచే పైన మాడి లోపల పచ్చిగా నిలిచినది. పొగ నిలుచుటకు మూత కావలెనని ఆయనకు తోచినది సరియైన ఊహయే. కాని మూతకని ఆయన కోసి తెచ్చినది వరికి కొట్టిన పురుగుమందు వచ్చిన రేకు డబ్బా! సబ్బుతో నాలుగుమార్లు కడిగితినని చెప్పెను. కడిగినంత మాత్రమున రేకు అతుకులలో నిలిచిన మందు పోదు. వేడికి అది ఆవిరియై చేపకు పట్టును. ఆ చేపను గోయి తీసి పూడ్పించితిని. ఆ రోజు వారి ఇంట కూర లేదు, నాపై కొంత కోపము గలిగెను. పురుగుమందు, రంగు, ఇంజను నూనె వచ్చిన డబ్బాలను తిండి దగ్గరకు రానీయరాదు. ఈ వ్యాసములో మరేమి మరచినను ఈ ఒక్కమాట జ్ఞాపకముంచుకొనుడు.

వంటనూనె వచ్చు 15 కిలోల డబ్బాలు రెండు తీసికొనుడు. ఒక్కొక్కటి అడుగునకు కొంచెము పైగా ఎత్తుండును. రెండింటి అడుగులు, పైకప్పులు కోసివేసి, ఒకదానిపై నొకటి నిలిపి తీగతో బిగించినచో రెండడుగులకు మించిన గొట్టమగును. కుంపటి నోటిపై రెండు ఇనుప ఊచలు అడ్డముగా వేసి గొట్టమును దానిపై నిలుపుడు. సందులను బంకమట్టితో మెత్తుడు. క్రింది డబ్బాకు ఒకవైపు అరచేయి దూరునంత తలుపు కోయవలెను. నిప్పుకు జానెడు పైన ఒక చిన్న రేకు పళ్లెమును తీగలతో వ్రేలాడదీయవలెను. దాని చుట్టును పొగ ఎక్కుటకు రెండు వ్రేళ్ల ఖాళీ ఉండవలెను. పై డబ్బాలో ఊచలు గుచ్చి వానిపై చేప పరచుటకు జాలీ వేయుడు. జింకు పూత గల జాలీ వద్దు. మూతకు తడిపిన గోనెపట్టా చాలును. మొదటిమారు చేప లేకుండ ఒక గంట నిప్పు పెట్టి డబ్బా పైపూతను, జిడ్డును కాలిపోనీయవలెను.

ఆ పళ్లెము ఎందులకని అడుగుదురు. నేనును మొదట దానిని పెట్టలేదు. మా ఇంట తొలి విడత కానాగంతల కొవ్వు నిప్పులపై కారి మంట లేచి, చేప మసిబొగ్గు అయినది. మసితో పోవునది రుచి మాత్రమే కాదు. కొవ్వు నిప్పుపై కాలినప్పుడు బెంజోపైరీన్ వంటి పదార్థములు పుట్టి పొగతో చేపకు అంటును. అది క్యాన్సరు కలిగించునదని తేలినది. ఐరోపా దేశములు కిలో పొగచేపలో అది 2 మైక్రోగ్రాములకు మించరాదని 2014 నుండి అమలు చేయుచున్నవి. సెనెగల్ దేశములోని తియారోయ్ శిక్షణ కేంద్రముతో కలిసి ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2008-09 ప్రాంతమున రూపొందించిన పొయ్యిలో ముఖ్యమైన మార్పు ఇదే: వేడికి నిప్పులు, పొగకు వేరే ఏర్పాటు, నడుమ కొవ్వు పట్టు పళ్లెము. అంతకు ముందు 1970 ప్రాంతమున ఘానా దేశపు చోర్కోర్ అను జాలరిపేట పేరున వ్యాపించిన పొయ్యిలో చేపల పళ్లెములను ఒకదానిపై నొకటి పేర్చగా అవియే పొగగొట్టమగును. మన డబ్బాలు చేయు పనియు అదే.

కాబట్టి వేడికి పచ్చికట్టె వాడరాదు. సరుగుడు బొగ్గు గాని, కొబ్బరిచిప్ప బొగ్గు గాని బూడిద పట్టువరకు రాజనిచ్చి, అటు తరువాతనే గొట్టము నిలుపుడు. పొగకు కొబ్బరి పీచు పిడికెడు చొప్పున తలుపుగుండా వేయవలెను. లక్షదీవులలో సూర చేపను మాస్‌మిన్‌గా చేయువారును కొబ్బరి పీచునే వాడుదురు. మన ఉద్దానములో దానికి కొదువలేదు. అయితే పలాస వైపు వారికి ఒక హెచ్చరిక. జీడిగింజల పెంకు ఊరకే దొరకును గదా అని వేయకుడు. అందలి నూనె ఒంటికి తగిలిననే పొక్కించును. దాని పొగ కండ్లకును, ఊపిరికిని చెరుపు, చేపకును చెరుపే.

చేపను కడుపు చీల్చి కడిగి, 10 లీటర్ల నీటికి కిలో ఉప్పు చొప్పున కలిపి అరగంట నాననీయుడు. తరువాత నీడన గాలికి ఆరబెట్టవలెను. వ్రేలికి తడి అంటనప్పుడు గొట్టమెక్కించుడు. మొదట సన్నని సెగ, పిమ్మట కొంచెము హెచ్చు. రెండు మూడు గంటలు పట్టును. దళసరి చోట కండ తెల్లబడి ముల్లును వదలినప్పుడు ఉడికినదని ఎరుగవలెను. చెడుటకు మొదలిడిన కానాగంతలను, సూరను పొగబెట్టి బాగుచేయవచ్చునను తలంపు ప్రమాదకరము. వానిలో పుట్టు హిస్టమిన్ అను విషము ఎంత ఉడికించినను చావదు.

పొగ పెట్టినచో చేప నెలల తరబడి నిలుచునని కొందరు చెప్పుచున్నారు. నేను ఒప్పను. ఇట్లు మెత్తగా పొగపెట్టిన చేపను ఆ రాత్రికో, మరునాటికో తినివేయుడు. నిలువ యుండవలెనన్నచో ఎండ వచ్చిన నాడు కట్టెవలె ఎండనీయవలెను. పొగ కొంత వ్యవధిని మాత్రమే ఇచ్చును. ఆ ఒకటి రెండు దినముల వ్యవధికే నేను విలువ కట్టుచున్నాను. ఇంటింట ఫ్రిజ్ ఉండగా ఇదేల యని అడుగువారు 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపానును జ్ఞాపకము చేసికొనవలెను. స్తంభములు కూలి కరెంటు లేక ఉద్దానపు పల్లెలు ఎన్ని రాత్రులు చీకటిలో గడపినవో అక్కడి వారికి తెలియును. ఉద్దానములో మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము ఉప్పు చేపను వైద్యుని అడుగకుండ తినరాదు.

కుంపటిని గదిలో పెట్టి తలుపు మూయరాదు. బొగ్గు నుండి వచ్చు వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును. తాటాకు ఇంటి చూరు క్రిందను వద్దు.

గ్రామములందలి మత్స్యశాఖ సహాయకులకును, మా శాఖ వారికిని నా విన్నపము ఒకటి గలదు. ప్రదర్శన అనగానే పెద్ద ఇటుక పొయ్యికి అంచనాలు వ్రాయుట మనకు అలవాటు. 1957లో నెలకొన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్టణములోనే పరిశోధన కేంద్రము గలదు. పెద్దవాటికి వారి సలహా పొందవచ్చును. ఈ చిన్నదానికి అంచనా అక్కరలేదు. జూన్ 14 దాటిన మొదటి వారములోనే, పేటలో ఒక ఇంటి కుంపటితో, ఆ ఇంటి అక్కచెల్లెండ్ర చేతనే చేయించి చూపుడు. డబ్బాలు మనము పట్టుకుపోవుదము.