మొదటి ఏ.సి. ఏ గదికి?

అపార్ట్‌మెంటుకు ఏ.సి. కొనదలచినవారు ధర, కంపెనీ, స్టార్ల సంఖ్య విచారిస్తారు. ఏ గదికన్న ప్రశ్న చివరికి మిగులుతుంది. సాధారణంగా హాలుకే ప్రాధాన్యం దక్కుతుంది. వైద్యునిగా నా అభిప్రాయం వేరు. ఒక్క ఏ.సి.కే స్తోమత ఉన్న ఇంట్లో అది వృద్ధులు నిద్రించే గదికే చెందాలి.

వయసు మీరినకొద్దీ చెమట తగ్గుతుంది, దాహం సరిగా తెలియదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచి శరీరంలోని నీటిని తగ్గిస్తాయి. అలాగని వైద్యుని అడగకుండా వాటిని మానరాదు. పై అంతస్తులో స్లాబు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. రాత్రి కూడా శరీరం చల్లబడకపోతే మరునాటి ఎండను తట్టుకునే శక్తి సన్నగిల్లి, వడదెబ్బ ముప్పు పెరుగుతుంది.

గదికి మించిన టన్నేజీ మేలు కాదు. అది గాలిని త్వరగా చల్లబరచి ఆగుతుంది, తేమ మిగిలిపోతుంది. విజయవాడ, విశాఖపట్నం వంటి ఉక్కపోత ఊళ్లలో ఇది ముఖ్యం. మామూలు స్ప్లిట్ ఏ.సి. లోపలి గాలినే తిప్పుతుంది కనుక ఉదయం కాసేపు కిటికీలు తెరవాలి. మన దేశంలో 2020 జనవరి నుంచి స్టార్ గుర్తింపు గల గది ఏ.సి.లకు 24 డిగ్రీలే తొలి అమరిక. పెద్దలకు 26 డిగ్రీలు, నెమ్మదిగా తిరిగే ఫ్యాను సాధారణంగా చాలు.

కరెంటు బిల్లుకు జంకి వారు దానిని ఆపివేయకుండా చూడవలసిన బాధ్యత పిల్లలదే.