ఇంటికి వచ్చిన కొలువు

తెలుగులో ‘కొలువు’ అనే మాటకు రెండు అర్థాలున్నవి. రాజు సభ తీర్చిన చోటు కొలువు. ఆ రాజును సేవించి బ్రతికే వృత్తియు కొలువే. పనియు, పనిచేసే చోటును వేరువేరు కావని భాష ఏనాడో తీర్మానించుకొన్నట్లు తోస్తుంది. కొలువు చేయదలచినవాడు కొలువుకు పోవలసినదే. ఈ ముడి 2020 మార్చి నెలలో కొద్దిరోజులలోనే వీడిపోయినది. కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా రాకపోకలు నిలిచిపోగా, కొలువు తానే బయలుదేరి ఉద్యోగి ఇంటికి వచ్చినది. ఆ తరువాత కొన్నేండ్లకు యాజమాన్యాలు ఉద్యోగులను మరల కార్యాలయాలకు పిలిచినవి. ఆ పిలుపు విని సంతోషించినవారున్నారు, నొచ్చుకొన్నవారున్నారు, సంతోషమూ నొప్పీ ఒకే మనస్సులో కలిగినవారును తక్కువ కాదు. ఈ ద్వైధీభావాన్ని సోమరితనమని కొట్టివేయడం సులభం. కాని దాని మూలం వెదకినప్పుడు, అది మన సమాజంలో పనికీ మనిషికీ గల సంబంధాన్ని గురించిన పెద్ద ప్రశ్న అని తేలుతుంది.

ముందుగా జరిగినదేమో చూడవలసి ఉన్నది. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2019-20లో రాష్ట్రంలోని సమాచార సాంకేతిక రంగంలో 5,82,126 మంది పనిచేసినారు. 2021-22 నాటికి ఆ సంఖ్య 7,78,121కి పెరిగినది. ఎగుమతుల విలువ రూ.1,28,807 కోట్ల నుండి రూ.1,83,569 కోట్లకు చేరినది. అనగా కార్యాలయ భవనాలు చాలవరకు ఖాళీగా ఉన్న కాలంలోనే ఈ పెరుగుదల సంభవించినది. ప్రపంచమంతటా కంప్యూటరు సేవలకు గిరాకీ హెచ్చడం దీనికి ముఖ్యకారణం గనుక, ఘనత అంతా ఇంటిపనికే కట్టబెట్టడం న్యాయం కాదు. అయినను, ఇంట కూర్చుండి చేసినది పనియే కాదనడానికి ఈ అంకెలు ఒప్పుకోవు.

ఆ రోజులలో యాజమాన్యాల ఉత్సాహమూ తక్కువ కాదు. 2025 నాటికి ఒక సమయంలో నూటికి 25 మంది ఉద్యోగులు మాత్రమే కార్యాలయంలో ఉంటే చాలునని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ 2020 ఏప్రిల్‌లో ప్రకటించినది. అదే సంస్థ 2023 అక్టోబరు 1 నుండి వారానికి 5 రోజులు కార్యాలయానికి రావలసినదని ఉద్యోగులను కోరినది. విప్రో అదే ఏడు నవంబరు 15 నుండి వారానికి 3 రోజుల నియమం పెట్టినది. మూడేండ్ల క్రితం భవిష్యత్తు అనిపించుకొన్నది మూడేండ్ల తరువాత మినహాయింపు అయినది. ఈ నడుమ ఉద్యోగులు మాత్రం ఇంటి చుట్టూ, తల్లిదండ్రుల చుట్టూ, పిల్లల చదువుల చుట్టూ తమ జీవితాలను ఒకసారి మార్చి అమర్చుకొని ఉన్నారు. ఆ అమరికను మరల విప్పవలసి వచ్చినప్పుడు మనస్సు రెండుగా చీలడం సహజమే.

ఈ మార్పు కృష్ణా తుంగభద్రల నడుమ గల గద్వాల, అలంపూర్ సీమలో ఎట్లా కనిపించినదో గమనించినప్పుడు విషయం మరింత స్పష్టమవుతుంది. ఈ సీమకు నడిగడ్డ అని పేరు. అలంపూర్ నుండి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. ఇంజనీరింగు చదువు ముగించిన పిల్లవాడు అలంపూర్ చౌరస్తాలో బస్సెక్కి ఉత్తరంగా హైదరాబాదుకో, దక్షిణంగా బెంగుళూరుకో పోవడం ఇక్కడి కుటుంబాలకు అలవాటైన వీడ్కోలు. పండుగకు వచ్చి రెండు దినాలుండి పోవడమే అతనికి ఊరితో మిగిలే బంధం. 2020 వేసవిలో అట్టి పిల్లలు ఊళ్ళకు తిరిగివచ్చినారు. పండుగ కాని దినాలలో ఊరు తన యువకులను చూచినది. తండ్రికి వేళకు మందులందినవి. నగరంలో గది అద్దెకు పోయే సొమ్ము చేతిలో నిలిచినది. ఊరిబడిలో చదివే తమ్ముళ్ళకు లెక్కలు చెప్పే అన్న దొరికినాడు.

అయితే ఆ చిత్రానికి రెండవ ప్రక్కయు లేకపోలేదు. కరెంటు పోయినప్పుడు పని నిలిచేది. సెల్‌ఫోనుకు సిగ్నలు అందక మిద్దెలెక్కవలసి వచ్చేది. తలుపు వేసుకొని కంప్యూటరు ముందు కూర్చున్న కొడుకు ఇంట ఉన్నాడో, కొలువులో ఉన్నాడో తల్లికి బోధపడలేదు. అమెరికా పగలు ఇక్కడి రాత్రి గనుక, ఇల్లంతా నిద్రించే వేళ అతనికి పని జోరందుకొనేది. కార్యాలయంలో సాయంకాలం పని ముగిసినదనడానికి లేచి బయటికి రావడమే గుర్తు. ఇంటిలో ఆ గుర్తు లేదు. పనివేళ ఎక్కడ ముగిసి తన వేళ ఎక్కడ మొదలగునో చెప్పలేని స్థితి ఏర్పడినది.

నిజానికి ఇల్లే పనిచోటు కావడం నడిగడ్డకు కొత్త అనుభవం కాదు. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేసే గద్వాల చీర పుట్టినది కార్ఖానాలో కాదు. నేతగాని ఇంటిలో, గుంటమగ్గం మీద. గద్వాలలోను, రాజోలిలోను, అయిజలోను చేనేత కుటుంబాలకు ఇల్లు, మగ్గం రెండు కావు. ఆ బ్రతుకులో ఒక స్వేచ్ఛ ఉన్నది. పిల్లలు కళ్ళెదుట పెరుగుతారు, అలసినప్పుడు లేవవచ్చును. ఆ స్వేచ్ఛకు ఒక మూల్యమూ ఉన్నది. మగ్గానికి చోటు నేతగానిదే, దీపం ఖర్చు నేతగానిదే. కండెలు చుట్టే భార్య శ్రమ, చిక్కు తీసే ముసలితల్లి శ్రమ చీర కూలిలో కలిసిపోవడమే గాని విడిగా లెక్కకు రావు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచినప్పుడు అక్కడి నేతగాండ్రు ఇంటితోబాటు మగ్గాలను, నూలును కోల్పోయినారు. ఇల్లే కర్మాగారమైన చోట ఒక్క ఆపద నీడను, కూడును ఒకేసారి హరిస్తుంది.

కంప్యూటరు ఉద్యోగికీ నేతగానికీ ఆదాయంలో పోలిక లేదు. కాని నేతగాని అనుభవం ఉద్యోగికి చెప్పే పాఠం ఒకటున్నది. పని ఇంటికి వచ్చునప్పుడు దాని ఖర్చును, దాని ఆపదను వెంట తెచ్చుకొంటుంది; వాటిని ఎవరు భరింపవలెనో ముందుగా వ్రాసుకొనకపోయినచో అవి పనివాని మీదనే పడతవి. గది, బల్ల, విద్యుత్తు, ఇంటర్నెట్టు, నిశ్శబ్దం - ఇవన్నీ కార్యాలయంలో యజమాని సమకూర్చేవి. ఇంటిలో కుటుంబం సమకూర్చవలసి వచ్చినది. పోర్చుగల్ దేశం 2021లో చేసిన చట్టంలో దూరపు పనివల్ల కలిగే అదనపు ఖర్చులను యజమాని చెల్లించవలెనని, విశ్రాంతివేళ ఉద్యోగిని పలుకరింపరాదని నిర్దేశించడం ఈ సమస్యను గుర్తించడమే.

ఇంటిపని సుఖమా, కష్టమా అని తర్కించేటప్పుడు మరువరాని వారు మరికొందరున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా వలసలకు పేరుపడ్డది. ‘పాలమూరు కూలీలు’ మేస్త్రీల వెంట దేశమంతటా పోయి ఆనకట్టలు కట్టినారు, భవనాలు లేపినారు. వారి పని ఏ తీగమీదను ఇంటికి రాదు. 2020 వేసవిలో ఒకే ఆజ్ఞ దేశంలో ఒకరిని కంప్యూటరుతో ఇంటికి పంపగా, మరొకరిని మూటతో రహదారి మీద నడిపించినది. కనుక ఇంటినుండి పనిచేసే అవకాశం అందరికీ దక్కినది కాదు. చదువు వల్ల కొందరికి దక్కిన సౌకర్యం. ఈ సంగతి గుర్తుంచుకొంటే, ఇంటిపని కోరేవారి వాదంలో కొంత వినయం చేరుతుంది. కార్యాలయాల చుట్టూ బ్రతికే కారు డ్రైవర్లు, భోజనశాలల పనివారు, వసతిగృహాల వంటవారు ఉద్యోగుల రాకకై ఎదురుచూచినారనేదీ గుర్తుకు వస్తుంది. వారిలోను ఊళ్ళనుండి పోయినవారు ఉన్నారు.

ఇక కార్యాలయం పక్షాన చెప్పవలసినదీ గట్టిదే. ఉపాధ్యాయులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనవి. పాఠం తెరమీద సాగినది, తరగతి సాగలేదు. వెనుక బల్లమీది పిల్లవాని ముఖం చూచి, ‘వీనికి అర్థం కాలేదు’ అని గ్రహించే కన్ను తెరకు లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుని స్థితియు ఇంతే. ముఖ్యంగా ఇంటిలో తొలిసారిగా కళాశాల చదివినవానికి కార్యాలయం రెండవ కళాశాల. పెద్దలు సమస్యను ఎట్లా విప్పుతారో, సభలో ఎట్లా మాట్లాడుతారో, తప్పును ఎట్లా ఒప్పుకొంటారో అతడు ప్రక్కన కూర్చుండి నేర్చుకొంటాడు. తండ్రి, మేనమామ ఇంజనీర్లయిన వానికి ఈ విద్య ఇంటనే దొరకవచ్చును. సేద్యగాని కొడుకుకు దొరకదు. అందువల్ల కార్యాలయం లోపించడం వల్ల ఎక్కువ నష్టపోయేది పల్లెనుండి వచ్చినవాడే. ఊరిలో ఉండవలెనని ఎక్కువగా కోరేవాడును అతడే. ద్వైధీభావానికి ఇంతకంటె సూటియైన కారణం వేరొకటి లేదు.

ఈ రెండు మంచిల నడుమ త్రాసు ఎట్లా నిలుస్తుందో పరిశీలించిన పండితులున్నారు. నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణసేవల సంస్థలో 9 నెలలపాటు జరిపిన ప్రయోగాన్ని 2015లో ప్రకటించినారు. ఇంటినుండి పనిచేసినవారి పని నూటికి 13 వంతులు పెరిగినది. ఉద్యోగం మానివేసేవారి సంఖ్య సగానికి తగ్గినది. కాని పనిలో సమానులై ఉండియు వారికి పదోన్నతులు తగ్గినవి, ఒంటరితనం బాధించినది. ప్రయోగం ముగిసి ఎవరికి నచ్చిన చోటు వారే ఎన్నుకొనవచ్చునన్నప్పుడు, ఇంటనున్నవారిలో సుమారు సగంమంది కార్యాలయానికి మరలినారు. అట్లు ఎన్నుకోనిచ్చిన తరువాత పనిలో లాభం మునుపటికంటె హెచ్చినది. 2024లో ప్రకటించిన మరొక పరిశోధనలో, అదే సంస్థకు చెందిన 1,612 మందిని పరిశీలించగా, వారానికి 2 రోజులు ఇంటినుండి పనిచేయనిచ్చిన వర్గంలో ఉద్యోగం వదలినవారు మూడవవంతు తగ్గినట్లును, పదోన్నతులకు లోపం రానట్లును తేలినది. ఇల్లు గెలిచినదని గాని, కార్యాలయం గెలిచినదని గాని వీటివల్ల చెప్పరాదు. తానే ఎన్నుకొన్న చోట మనిషి బాగుగా పనిచేయునని మాత్రం చెప్పవచ్చును.

స్త్రీల విషయంలో ఈ ఎన్నిక మరింత జాగ్రత్త కోరుతుంది. మహిళలకు ఇంటినుండి పనిచేసే అవకాశాలను పెద్దయెత్తున కల్పించగలమని 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రకటించినారు. బిడ్డ పుట్టిన తరువాత ఉద్యోగం వదలవలసిన స్థితిలో ఉన్న తల్లికి ఇది ఊరటయే. కాని ఇంటిపని స్త్రీల వంతు, కార్యాలయం పురుషుల వంతు అనే పంపకం స్థిరపడినచో, పొయ్యి దగ్గరి శ్రమ, కంప్యూటరు దగ్గరి శ్రమ రెండును ఆమె మీదనే పడతవి. పదోన్నతి మాత్రం కళ్ళెదుట ఉన్నవానికి పోతుంది. మగ్గం ఇంటిలో కండెలు చుట్టే ఇల్లాలి శ్రమవలె ఆమె శ్రమయు లెక్కకు రాకపోయే ప్రమాదం ఉన్నది. కావున ఈ సౌకర్యం తల్లికి ఎంతయో తండ్రికీ అంతే అయినప్పుడు దానివల్ల మేలు.

యాజమాన్యాల వాదాన్ని తృణీకరించరాదు. రహస్యాలను కాపాడడం, కొత్తవారికి శిక్షణ నివ్వడం, పదిమంది కలిసి ఆలోచించడం వారి బాధ్యతలు. అయితే 2020లో ఇంటికి పొమ్మన్నప్పుడును, 2023లో రమ్మన్నప్పుడును ఉద్యోగి అభిప్రాయానికి చోటు తక్కువ. అతని మనస్సును ఎక్కువగా నొప్పించినది ఇల్లు వదలడం కాదు, అడుగబడకపోవడం. భారత ప్రభుత్వం 2020 డిసెంబరు 31న ప్రకటించిన సేవారంగపు నమూనా నిబంధనల ముసాయిదాలో ఇంటినుండి పని అనే మాట చేరినది గాని, అందులోను అనుమతించడం యజమాని ఇష్టానికే విడువబడినది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుండి ఉద్యోగంలో చేరిన మొదటి దినం నుండే పనిచోటు, పనివేళల మార్పును కోరే హక్కు చట్టం వల్ల కలిగినది. కోరినదెల్ల ఇవ్వవలెనని ఆ చట్టం శాసించదు. కాదన్నప్పుడు కారణం చెప్పవలెనని మాత్రం శాసిస్తుంది. ఆ పాటి మర్యాద ఇక్కడను అసాధ్యం కాదు.

చేయదగిన పనులు కొన్ని కనబడుతున్నవి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం కార్యాలయంలో పెద్దల సన్నిధిని గడపడం, ఆ పిమ్మట వారంలోనో, నెలలోనో కొన్ని దినాలు ఇంటినుండి పనిచేయడం ఉభయతారకం. ఇల్లు, రాజధాని అనే రెండు కొసల నడుమ మూడవ చోటూ ఉండవచ్చును. 2023 మే నెలలో మహబూబ్‌నగర్‌లో ఐటీ టవరు ప్రారంభమైనది. అట్టి పనిచోట్లు చిన్నపాటివైనను గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో నెలకొన్నచో, సమష్టిగా పనిచేసే లాభమూ, సాయంకాలానికి ఇల్లు చేరే లాభమూ కలిసివస్తవి. నాలుగు కుర్చీలు, నిలకడయైన కరెంటు, చెడని ఇంటర్నెట్టు - ఇంతమాత్రం చాలును.

నడిగడ్డ పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉన్నది. బాగా చదివినవాడు ఊరు వదలవలెను, చదువనివాడు కూలికై వలస పోవలెను అన్నట్లుగా ఇంతకాలం ఇక్కడ రెండు దారులే కనిపించినవి. రెండును ఊరినుండి బయటికి పోయేవే. చదువుకొన్నవాడు ఊరిలో ఉండియు పనిచేయగలడని 2020 తరువాత మొదటిసారి రుజువైనది. అతడు ఎప్పుడూ ఊరిలోనే ఉండవలెనని ఎవరూ కోరనక్కరలేదు. నగరమూ, నలుగురి సాంగత్యమూ అతనికి అవసరమే. కాని తల్లిదండ్రులు వృద్ధులైనప్పుడు, బిడ్డలు పసివారైనప్పుడు, తాను అలసినప్పుడు కొంతకాలం తిరిగివచ్చి పనిచేసే వీలు అతనికి ఉండవలెను. ఆ వీలు యజమాని దయ కాక, ఉభయులూ ఒప్పుకొన్న షరతు అయిననాడు, కార్యాలయానికి పోయే ఉద్యోగి వెనుకకు చూడకుండ పోగలడు.