బిడ్డ మెచ్చిన కథ

మంచి కథలను ఎంచి చూపవలసినవారు పెద్దలే యని నేను తలంచెడివాడను. జపాను బొమ్మల కథలు వట్టి కాలహరణమని నా కుమార్తెను మందలించుచుంటిని. ఒకనాడు ఆమె బతిమాలగా ప్రక్కన కూర్చుండి ‘ఆల్ప్సు బాలిక హైడీ’ని చూచితిని. స్విట్జర్లాండు నవల ననుసరించి 1974లో ఇసావో తకహత దర్శకత్వమున వెలువడిన 52 భాగముల కథ యది. కొండలపై తాతయొద్ద నుండిన బాలిక, ఫ్రాంక్‌ఫర్టు నగరమున బెంగగొని, నిద్రలో లేచి నడచును. ఆ ఘట్టమున నా కుమార్తె మెల్లగా, “నాన్నా, మనము తాతగారి ఊరికి ఎప్పుడు పోవుదుము?” అని యడిగెను. మేము ఊరు విడిచి రెండేండ్లయినది. ఆమె బెంగను నేను అంతవరకు ఎరుగనైతిని. బిడ్డలు మెచ్చినదానిని చూడకయే నిందించుట న్యాయము కాదు. వారితో కూర్చుండి చూచిన పిమ్మటనే మంచిచెడ్డలు చెప్పుట పెద్దలకు తగును.